నాగులమ్మ పెట్టని చుక్క

గుండ్లబావికి హుజూర్‌నగర్ ఆరు కోసుల దూరం. ఆ ఊళ్ళో ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళెవరైనా సరే, పటేలు కొడుకైనా పాలేరు కొడుకైనా, పుట్టగానే మొదట చూసిన మొఖం నాగులమ్మదే. నొప్పులు మొదలైతే చాలు, "నాగులూ, జర తొందరగ రావే" అని ఇంటికి మనిషి పరుగెత్తుకొచ్చేవాడు. తీరా బొడ్డు కోసి బిడ్డను తల్లి పక్కలో పెట్టాక, ఆమె నడిచిన జాగా అంతా పేడనీళ్ళు చల్లుకునేవాళ్ళు. ఇదేం మర్యాదో ఆ మహానుభావులకే తెలియాలి! నాగులమ్మ మాత్రం ఆ సంగతి పట్టించుకునేది కాదు. చేతులు తుడుచుకుంటూ వాడలో తన ఇంటికి వచ్చి, జొన్నగటక ముద్ద నోట పెట్టకముందే గోడ దగ్గరికి పోయేది.

ఆ గోడ సంగతి చెప్పాలి. ఇంటి లోపలి గోడ ఎర్రమట్టితో అలికి ఉండేది. దాని నడుమ బొగ్గుతో నిలువుగా ఒక గీత. ఆడది నెలసరి స్నానం చేసిన రోజు నుంచి తొమ్మిది నెలల తొమ్మిది రోజులు లెక్కపెడితే వచ్చే రోజు ఆ గీత. బిడ్డ సరిగ్గా ఆ రోజే పుడితే గీత మీద సున్నంతో ఒక చుక్క. ముందు పుడితే ఎడమ పక్క, ఆలస్యమైతే కుడి పక్క. రోజుకు ఒక వేలి వెడల్పు దూరం. ఒకే రోజుకు ఇంకో బిడ్డ వస్తే ముందటి చుక్క పైన ఇంకో చుక్క. ముప్పై ఏళ్ళలో నాలుగు వందల పన్నెండు చుక్కలయ్యాయి. దూరం నుంచి చూస్తే కళ్ళంలో జొన్నలు కుప్ప పోసినట్టు నడుమ ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా కనిపించేది. ఎడమ పక్క చివర ఏడో నెల బిడ్డల చుక్కలు ఏవో కొన్ని. కుడి పక్క చివరి చుక్క గీతకు ఇరవై నాలుగు వేళ్ళ దూరంలో ఒంటరిగా ఉండేది. ఏటా గోడ అలికినా ఆ నాలుగు మూరల జాగా మీద చెయ్యి పెట్టనిచ్చేది కాదు.

నెలలు నిండిన కోడలు కనడం లేదని ఏ అత్తయినా కంగారుపడితే నాగులమ్మ నవ్వేది. "నడిమి గీత దేవుడు గీసింది గాదమ్మా, మనం గీసుకున్నది. గీత మీద పుట్టినోళ్ళు గీ ఊర్ల ఇరవై మంది లేరు. కడుపుల ఉన్నదానికి మన లెక్క ఎర్కేనా?" అనేది. కాన్పు సంగతిలో ఆమె నోట అబద్ధం రాదని ఊరంతా నమ్మిక. పుట్టినది ఆడపిల్లయినా, బిడ్డ దక్కదనుకున్నా, ఉన్నది ఉన్నట్టు మొఖం మీదే చెప్పేది.

ఆమెకు ఒక్కడే కొడుకు, భిక్షం. మొగుడు చిన్ననాడే జ్వరానికి పోయాడు. సంఘం వాళ్ళు దొర భూములు పంచినప్పుడు భిక్షం ముందు వరసలో ఉన్నాడు. కాపుల ఇంటి రఘుపతి కూడా ఉన్నాడు. పోలీసు చర్య జరిగి నిజాం రాజ్యం పోయింది, ఇక కష్టాలు గట్టెక్కాయని జనం అనుకుంటుండగా, ఏడాది తిరిగేసరికి పారిపోయిన దొర తిరిగొచ్చాడు. ఆ దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా దొర కోటలాంటి గడిలోనే మిలిటరీ క్యాంపు పడింది. ముందు రోజే భిక్షం, రఘుపతి అడవి పట్టారు.

క్యాంపు జమేదారు ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు. ఊరి నాలుగు దిక్కులా కాపలా పెట్టించాడు. "వాళ్ళలో ఒక్కడు ఈ ఊళ్ళో కాలు పెట్టాడని తెలిస్తే, దాచినవాళ్ళను గోడకు నిలబెడతాను" అని దండోరా వేయించాడు. ఉత్త బెదిరింపు అనుకోవడానికి లేదు. పక్క ఊళ్ళో నలుగురిని పట్టుకుపోయి, పారిపోబోతే కాల్చామని చెప్పారు. నలుగురికీ వీపున కాదు, రొమ్మున గుండ్లు తగిలాయి.

అయినా వాళ్ళిద్దరూ వచ్చారు. క్యాంపు పడిన పదహారో రోజు పీర్ల పండుగ. పట్టపగలు, డప్పుల మధ్య, ఒంటి నిండా పసుపూ నల్లచారలూ పూసుకుని పులివేషాలు ఆడుతూ వచ్చారు. పక్క ఊరి నుంచి అయిదు పులులు బయలుదేరాయి, గుండ్లబావి చేరేసరికి ఏడయ్యాయి. కాపలా జవాన్లు నవ్వుతూ చూశారు, ఒకడు పులి తోక పట్టి గుంజాడు కూడా. ఆ తోక భిక్షానిదే! రఘుపతి తన ఇంటి కొట్టంలో, భిక్షం తల్లి ఇంట్లో ఒక్క రోజు ఉండి, మర్నాడు పీర్లు సాగనంపే గుంపుతోనే వెళ్ళిపోయారు. "మళ్ళ పీర్ల పండుగకు గిట్లనే వస్తనే అవ్వా" అన్నాడు భిక్షం పోయేటప్పుడు.

ఈ సంగతి నాగులమ్మకూ, ఆమె కోడలు లీలమ్మకూ, రఘుపతి భార్య కౌసల్యకూ, ఆమె అత్త సుగుణమ్మకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. నలుగురూ నోరు కుట్టుకున్నట్టే ఉన్నారు. కానీ ఆడవాళ్ళ నోరు ఊరుకుంటే కడుపు ఊరుకుంటుందా? సంక్రాంతి దాటేసరికి ఇద్దరికీ నెల తప్పిందని తేలింది.

మొదట ఎవరికీ అనుమానం రాలేదు. మొగుళ్ళు పోయింది దీపావళి ముందే గదా, అప్పటిదే అనుకున్నారు. ఆషాఢంలో కౌసల్య కన్నది. మొగపిల్లవాడు. కన్న మర్నాడు జమేదారు గడిలో కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. రఘుపతి ఊరు విడిచిన నాటి నుంచి తొమ్మిది నెలల తొమ్మిది రోజులు దాటి పదహారు రోజులు ఎక్కువ. "అంటే క్యాంపు పడ్డాక వాడు ఇక్కడికి వచ్చాడన్నమాట. ఎవరు దాచారు?" అని సుగుణమ్మను గడికి పిలిపించాడు.

ఎవరూ రాలేదని సుగుణమ్మ గడి మెట్ల మీదే ఒట్లు పెట్టింది. క్యాంపుకు ఒక డాక్టరు ఉండేవాడు. మద్రాసులో చదివిన మనిషి, సన్నగా, కళ్ళద్దాలతో, ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. ఆయనే మంత్రసానిని పిలిపించమన్నాడు.

"ఏమ్మా, పదహారు రోజులు ఆలస్యంగా బిడ్డ పుట్టడం నువ్వెప్పుడైనా చూశావా?" అని అడిగాడు.

"ఎందుకు జూడలేదు దొరా? నా గోడ సూద్దురు రాండ్రి" అంది నాగులమ్మ.

ఆ మాట ఎందుకు అన్నదో తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని తల కొట్టుకుందో! అప్పటికి మాత్రం కౌసల్యను బయటపడేయడం ఒక్కటే ఆమె తలలో ఉంది. డాక్టరు నిజంగానే వాడలోకి నడిచివచ్చాడు. తల వంచి గుడిసెలో దూరి, గోడ చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత నేల మీదే బాసింపట్టు వేసుక్కూర్చుని, ఒక్కొక్క చుక్కనూ నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. రెండు గంటలు పట్టింది. లీలమ్మ పక్క ఇంట్లో కూర్చుంది, ఆయన కంట పడలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. మొఖం వెలిగిపోతోంది.

"నువ్వు చేసిందేమిటో నీకు తెలుసా? సగటు ఒక్కటి తెలిస్తే సగమే తెలిసినట్టు. నీ సగటు ఆ బొగ్గు గీత దగ్గరే ఉంది. కానీ బిడ్డలు దాని చుట్టూ ఎంత చెదిరి పుడుతున్నారో అది చెప్పదు. అందుకని నేనేం చేశానంటే, ప్రతి చుక్కా సగటుకు ఎన్ని రోజుల దూరమో రాశాను. ఆ దూరాన్ని దానితోనే హెచ్చవేశాను. అన్నీ కూడి, చుక్కల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీశాను. తొమ్మిది వచ్చింది. తొమ్మిది రోజులు! నీ ఊరి బిడ్డలు సగటుకు తొమ్మిది రోజులు అటూ ఇటూ ఊగుతారు."

నాగులమ్మ గోడ మీద చెయ్యి పెట్టి వేళ్ళు చాపింది. "నేను జానతోటి కొలుసుకున్న దొరా. గీతకు అటు జానకు మూడేండ్లు తక్కువ, ఇటు గంతే. మూడు పాళ్ళల్ల రెండు పాళ్ళు గా లోపల్నే ఉంటరు."

"మూడేండ్లా?"

"మూడు వేళ్ళు దొరా."

జాన అంటే పన్నెండు వేళ్ళు. మూడు పోతే తొమ్మిది. డాక్టరు నోరు తెరిచి ఆమె చేతినే చూశాడు. వర్గమూలాలు తీసి తాను పట్టుకున్నది, ఈమె చేతివేళ్ళతో పట్టుకుంది. పాపం, అంత సంతోషపడ్డాడు ఆయన.

"దానికి రెట్టింపు, పద్దెనిమిది రోజులు అటూ ఇటూ పెడితే నూటికి తొంభై అయిదు మంది వస్తారు. పదహారు రోజులు, ఆపైన ఆలస్యమయ్యేది నూటికి నలుగురు. తక్కువే. కానీ ఉన్నారు. నీ గోడ మీదే ఉన్నారు. ఆ నలుగురిలో కౌసల్య ఒకతె కాదని నేనెలా అనగలను? జమేదారుకు అదే రాసిచ్చాను. ఆ కేసు అయిపోయింది" అన్నాడు.

నాగులమ్మకు ప్రాణం లేచొచ్చింది. దండం పెట్టింది. డాక్టరు లేచి, నోటుబుక్కు చంకలో పెట్టుకుని, గడప దాటుతూ ఊరికే, మాటవరసకు అన్నట్టు అన్నాడు. "ఒకరైతే నమ్మొచ్చు. పారిపోయినవాళ్ళ ఇళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు ఇలాగే ఆలస్యంగా కంటే మాత్రం నేను నమ్మను. నూటికి నాలుగును నూటికి నాలుగుతో హెచ్చవేస్తే పదివేలకు పదహారు. అలాంటిది గోడ మీద జరగదమ్మా, ఎవరో ఊళ్ళోకి వస్తే జరుగుతుంది."

ఆయన అలా పోయాడో లేదో, నాగులమ్మ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. లోపలికి వచ్చిన లీలమ్మ "ఏమైందత్తా? దొర మంచిగనే చెప్పిండు గద?" అంది.

"మంచిగనే చెప్పిండు బిడ్డా" అంది నాగులమ్మ, ఆమె కడుపు వంక చూస్తూ.

లీలమ్మ నెలసరి స్నానం చేసింది పీర్ల పండుగకు రెండు రోజుల ముందు. నిజమైన లెక్క ప్రకారం ఆమె నెలలు నిండి అప్పటికే నాలుగు రోజులయింది. క్యాంపు లెక్క ప్రకారమైతే భిక్షం పోయిన నాటి నుంచి గడువు దాటి పద్దెనిమిది రోజులు. ఇవాళ కన్నా పద్దెనిమిది, రేపు కన్నా పంతొమ్మిది. అంత ఆలస్యం మామూలేనని కనిపించేట్టు గోడ మీద కుడి పక్క నాలుగు చుక్కలు కొత్తగా పెడదామా అని నాగులమ్మ ఒక్క క్షణం సున్నం గురిగి చేతిలోకి తీసుకుంది. పెట్టి ఏం లాభం? గోడంతా డాక్టరు పుస్తకంలోకి వెళ్ళిపోయింది కదా. గురిగి కింద పెట్టేసింది.

వారానికోసారి, అడవి పట్టినవాళ్ళ ఇంటి ఆడవాళ్ళు గడి ముందు హాజరు వేయించుకోవాలి. ఆ వారం లీలమ్మ కొంగు నిండుగా కప్పుకుని పోయింది. కానీ తొమ్మిది నిండిన కడుపును ఏ కొంగు దాస్తుంది? ఎప్పుడూ హాజరు వైపు చూడని డాక్టరు ఆ రోజు వరండాలోంచి చూశాడు. నోటుబుక్కు తెచ్చుకున్నాడు. నాగులమ్మను దగ్గరికి పిలిచాడు. ఈసారి మొఖంలో ఆ వెలుగు లేదు.

"నీకు కోడలుందని చెప్పలేదే. వీళ్ళాయన కూడా రఘుపతితో పాటే పోయాడట కదా. ఇవాళ్టికి ఇరవై రోజులు దాటింది. నీ గోడ ఇరవై నాలుగు దాకా ఉంది. చూద్దాం" అన్నాడు. తిట్టలేదు, బెదిరించలేదు. తిట్టినా బాగుండేదేమో.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఒక జవాను వాడలోకి వచ్చి గడప ముందు నిలబడేవాడు. "హువా క్యా?" అని, కాన్పయిందా అని అడిగేవాడు. లేదని నాగులమ్మ తల ఊపేది. వాడు వెళ్ళిపోయేవాడు. అంతే. అంతకు మించి ఒక్క మాట లేదు. వాడు వచ్చే వేళకు వాడ మొత్తం తలుపులు వేసుకునేది. రోలు చప్పుడు ఆగిపోయేది. కోళ్ళు సైతం ఎటో పోయేవి.

ఇరవై ఒకటి. ఇరవై రెండు. లీలమ్మకు నొప్పి జాడ లేదు. నాగులమ్మ రోజుకు పదిసార్లు ఆమె కడుపు మీద చెయ్యి వేసి చూసేది. బిడ్డ కదులుతోంది, గట్టిగా తన్నుతోంది, బయటికి వచ్చే ఆలోచన మాత్రం లేదు. నాలుగు వందల మంది అత్తలకు ధైర్యం చెప్పిన మనిషి తన ఇంటికి వచ్చేసరికి ఆ మాటలన్నీ మరిచింది. "నీకు గిప్పుడే దొరికిందానే నీలుగుడు? రావే తల్లీ, నీ కాల్మొక్త" అని కడుపులో బిడ్డను బతిమాలింది. ఆముదం తాపుదామా, కషాయం పోద్దామా అని కూడా అనుకుంది. కానీ పోసి ఏం చేస్తుంది? ఇవాళ పుట్టినా రేపు పుట్టినా అది పదివేలకు పదహారులోనే పడుతుంది.

ఇరవై నాలుగు దాటింది. ఇరవై అయిదో రోజు పొద్దున జవాను ఒక్కడే రాలేదు, ఎనిమిది మంది వచ్చారు. వాడలో ఉన్న మొగవాళ్ళను పన్నెండు మందిని లేపి తీసుకుపోయారు. ముసలివాళ్ళు, నాగలి కట్టబోతున్నవాళ్ళు, జ్వరంతో పడుకున్నవాడు ఒకడు. గడి ముందు ఎండలో కూర్చోబెట్టారు. జమేదారు సూటిగా చెప్పాడు. "భిక్షం ఏ దారిన వచ్చాడో పొద్దు గుంకేలోగా చెప్పాలి. చెప్పకపోతే రేపటి నుంచి రోజుకు ముగ్గురు."

పులివేషాల సంగతి బయటపడితే ఏమవుతుందో నాగులమ్మకు అర్థమైంది. దాచినందుకు తనను గోడకు నిలబెడతారు, నిలబెట్టనీ. కానీ వచ్చే పీర్ల పండుగకు రెండు నెలలే ఉంది. పులులు ఆడుతూ వస్తుంటే తుపాకులు కాచుకుని ఉంటాయి. వాడు వస్తానన్నాడు. రావద్దని నమ్మి కబురు పంపడానికి మనిషి లేడు. పన్నెండు మందిలో ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి చెప్పరు, చెప్పరు కాబట్టి చస్తారు.

ఇంట్లోకి పోయి లీలమ్మ ముందు కూర్చుంది.

"లీలా, ఒక్కటే దారున్నది" అంది. "గా కడుపు నా కొడుకుది గాదని చెప్తె అయిపోతది. వాడు రానట్టే లెక్క. కౌసల్యమ్మ ఒక్కతే మిగులుతది, ఒక్కతైతే డాకటరు దొర నమ్ముతడు."

లీలమ్మ కడుపు మీద కొంగు సర్దుకుంది. "మరి ఎవలిదని చెప్తవు?"

"గొర్లు గాసిన బీరప్ప పుష్యంల సచ్చిపోయె గద. పెండ్లాం పిల్లలు లేరు. సచ్చినోడిని వాళ్ళేం జేస్తరు?"

"బీరప్ప నన్ను సెల్లే అని పిలిచెటోడు" అంది లీలమ్మ. అప్పుడు ఏడ్చింది. వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. నాగులమ్మ కూడా ఏడ్చింది. ఇంకెవరైనా అయితే ఆ అత్తను జుట్టు పట్టి బయటికి ఈడ్చేవాళ్ళే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. లీలమ్మ కాసేపటికి కళ్ళు తుడుచుకుంది.

"నీ కొడుకు బతకాలె, గా పన్నెండు మంది బతకాలె, గంతేగద? పో, చెప్పు. నా నోటితోటి మాత్రం నేను చెప్ప. ఆయన వచ్చిన్నాడు నిజం నువ్వే చెప్పాలె. మాటియ్యి."

నాగులమ్మ ఆమె చేతిలో చెయ్యి వేసింది.

గడి ముందు ఊరు ఊరంతా గుమిగూడి ఉంది. ఎండలో పన్నెండు మంది తలలు వంచుకుని కూర్చున్నారు. నాగులమ్మ వాళ్ళ మధ్య నుంచి నడిచి జమేదారు ముందుకు పోయింది. తల మీద కొంగు తీసేసి, అందరికీ వినిపించేట్టు చెప్పింది.

"నా కొడుకు రాలే. నా కోడలు కడుపు వానిది గాదు. సచ్చిన బీరప్పది. ఇజ్జత్ పోతదని ఇన్నొద్దులు దాసిన. ఇగ దాస. వీళ్ళను ఇడిసిపెట్టుండ్రి."

గుంపులో ఒక ఆడమనిషి "అయ్యో!" అన్నది, అంతే. జమేదారు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు నాగులమ్మ వైపు చూశాడు, నోటుబుక్కు వైపు చూశాడు. "ఈమె ముప్పై ఏళ్ళలో ఒక్క చుక్క తప్పు పెట్టలేదు. తన ఇంటి మర్యాద పోయే మాట అబద్ధంగా ఎందుకు చెబుతుంది?" అన్నాడు. నోటుబుక్కులో భిక్షం పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. పన్నెండు మందీ బట్టలు దులుపుకుని లేచారు. వాళ్ళలో ఒకడు, నాగులమ్మ చేతిలో పుట్టినవాడే, ఆమె ముందు నుంచి పోతూ కింద ఉమ్మాడు.

ఇంకో ఆరు రోజులకు లీలమ్మ కన్నది. ఆడపిల్ల. గోళ్ళు పొడుగ్గా పెరిగి, ఒంటి మీద చర్మం ఎండి పొరలు లేస్తూ, కళ్ళు పెద్దవిగా తెరుచుకుని పుట్టింది. ఆలస్యంగా వచ్చే బిడ్డలు అలాగే ఉంటారు. నిజమైన లెక్కకు పదిహేడు రోజుల ఆలస్యం. నూటికి నలుగురిలో ఒకతె ఆ బిడ్డే! నాగులమ్మ సున్నం గురిగి తీసుకుని గోడ దగ్గరికి పోయింది. ఎక్కడ పెడుతుంది? నిజం చుక్క పెడితే, మళ్ళీ ఎప్పుడైనా డాక్టరు వచ్చి చూస్తే, పదిహేడు వేళ్ళు వెనక్కి కొలిచి పీర్ల పండుగ దగ్గర ఆగుతాడు. అబద్ధం చుక్క పెట్టడానికి చెయ్యి రాలేదు. గురిగి పక్కన పెట్టేసింది. నాలుగు వందల పన్నెండు తర్వాత కౌసల్య కొడుకు చుక్క ఉంది, దాని తర్వాత ఏమీ లేదు.

బిడ్డను తొట్టెలలో వేసే పండుగకు ఎవరూ రాలేదు. లీలమ్మ బావికి పోతే ఆడవాళ్ళు చేదలు ఎత్తుకుని పక్కకు జరిగేవాళ్ళు. బీరప్ప ముసలితల్లి వాకిట్లోకి వచ్చి మన్ను ఎత్తిపోసి పోయింది. తమ ప్రాణాలు దక్కింది ఎవరి వల్లనో తెలియని ఆ పన్నెండు మందే కులపెద్దల ముందు కూర్చుని, లీలమ్మతో నిప్పూ నీళ్ళూ వద్దన్నారు. వీళ్ళ మొఖాన దుమ్ముపడ! సుగుణమ్మకూ కౌసల్యకూ నిజం తెలుసు. తెలిసినా నోరు విప్పలేరు, విప్పితే అందరూ పోతారు. కౌసల్య మాత్రం గంపలో దాచి జొన్నలు పంపేది.

పీర్ల పండుగ వచ్చింది. నాగులమ్మ దర్వాజ దగ్గర నిలబడి పులులను లెక్కపెట్టింది. అయిదే. మళ్ళీ లెక్కపెట్టింది. అయిదే. గండం గడిచిందని, తెలివిగా ఆగిపోయాడని మురిసిపోయింది. ఎందుకు రాలేదో అప్పుడు తెలియలేదు.

మరుసటి ఏడు అడవిలో ఉన్నవాళ్ళు తుపాకులు దింపారు. క్యాంపు ఎత్తేశారు. రఘుపతి ముందు వచ్చాడు. ఆయన ఇంట్లో పెద్ద సంబరం. పది రోజులు పోయాక ఒక మధ్యాహ్నం భిక్షం వచ్చాడు. గడ్డం పెరిగి, బుగ్గలు పీక్కుపోయి, వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. నాగులమ్మ పరుగెత్తుకుపోయి చేతులు పట్టుకుంటే విడిపించుకున్నాడు.

"లోపటికి రా బిడ్డా. నీ బిడ్డను జూడు."

"నా బిడ్డనా? గొర్లోళ్ళు అడవిల చెప్పిండ్రవ్వా. గడి ముంగట, ఊరందరి ముంగట నువ్వే చెప్పినవట."

"అబద్ధం చెప్పిన. నీకోసం చెప్పిన. పన్నెండు మంది పానాల కోసం చెప్పిన. గా బిడ్డ నీదే. పీర్ల పండుగ నాడు..."

"నేను లెక్క పెట్టుకోలేదనుకున్నవా? అడవిల గా లెక్క తప్ప నాకేం పనున్నది? పీర్ల పండుగ సంది తొమ్మిది నెలల తొమ్మిది రోజులు. కడుపుతోటి ఉన్నదని గొర్లోళ్ళు జెప్పిరి గద, నాకు బిడ్డ పుట్టి ఉంటదని గా రోజు బెల్లం పంచిన. పుట్టింది గప్పుడు గాదట. ఇంకో పదిహేను దినాలకట."

నాగులమ్మ అతన్ని ఈడ్చుకుంటూ గోడ దగ్గరికి తీసుకుపోయింది. కుడి పక్క చుక్కలు వేలితో చూపించింది. "గివి జూడు. పదిహేను, గిది పదహారు, గిది పద్దెనిమిది. గిది రామన్నపేటకు ఇచ్చిన పటేలు బిడ్డ. గిది కాటమయ్య. తొమ్మిది నెలల తొమ్మిదనేది అందరిని గలిపి తీసిన లెక్క బిడ్డా, ఏ ఒక్కదాని లెక్క గాదు. నూటికి నలుగురు గిట్ల వస్తరు. డాకటరు దొర గూడ రాసిండు."

భిక్షం గోడనంతా చూశాడు. వాడు ఆ గోడ కిందే పెరిగాడు, ఎట్లా చదవాలో వాడికి తెలుసు. "గీ బిడ్డ చుక్క ఏది?" అని అడిగాడు.

నాగులమ్మ పక్కన పెట్టేసిన సున్నం గురిగి వైపు చూసింది.

"నీ చేతుల పుట్టినోళ్ళందరి చుక్కలున్నయ్. దీనిది లేదు. కాన్పు ముచ్చట నువ్వు అబద్ధం చెప్పవని నీ నోటితోనే వందసార్లు చెప్పినవు. గా రోజు చెప్పింది నమ్మాల్నా, గీ రోజు చెప్పేది నమ్మాల్నా? నూటికి నలుగురంటవు. మిగిలిన తొంభై ఆరుగురి మాటేంది?"

లీలమ్మ అప్పటిదాకా తలుపు వెనకే ఉంది. బిడ్డను చంకన వేసుకుని, చీరల మూట చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు లేవు.

"నీ పానం కోసం ఒకసారి నా మీద మన్ను పోసుకున్న. మల్లొకసారి పోసుకోమంటె నాతోని గాదు" అంది మొగుడితో. అతను తల తిప్పుకున్నాడు. ఆమె వాకిలి దాటి ఆత్మకూరు బాట పట్టింది. ఆమె తల్లిగారిల్లు అక్కడే.

నాగులమ్మ కొడుకు వంక చూసింది. ఏమైనా అంటాడేమో, రెండడుగులు వేసి పిలుస్తాడేమో అని చూసింది. భిక్షం గోడ వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆమె దండెం మీది చీర ఒకటి లాక్కుని భుజాన వేసుకుంది. వాడ దాటి, దొర మామిడితోట దాటి, ఊరి బయట కోడల్ని అందుకునేసరికి ఆయాసంతో గుండె ఎగిసిపడుతోంది.

లీలమ్మ ఆగి వెనక్కి తిరిగింది. "నువ్వెక్కడికత్తా? నీ కొడుకొచ్చిండు గద."

"వచ్చిండు. పానంతోటి వచ్చిండు. గది సాలు" అంది నాగులమ్మ. "చానా దూరం నడవాలె. బిడ్డను గిటియ్యి, నేనెత్తుకుంట."